మా మావయ్య కొనబోయిన ఎర్ర కారు

ఆ రోజుల్లో ఇంజనీరింగ్‌లో సీటొచ్చిన కుర్రాడికి, ఇంట్లో ఫ్యూజు పోయినా, పక్కింటి మోటారు కాలినా కబురొచ్చేది. ఇంకా మొదటి ఏడాదేనండీ మొర్రో అన్నా వినేవాళ్లు కాదు. అందుకే మిరపకు మంచి ధర పలికిన ఏడాది, గుంటూరు హాస్టల్లో ఉన్న నన్ను మా మేనమామ పిలిపించి, "ఒరేయ్, స్పోర్ట్స్ కారు కొందామనుకుంటున్నా. ఎట్టాంటిది కొనాలో చెప్పు" అన్నాడు. (అప్పటిదాకా ఆయన మోజంతా ట్రాక్టర్ల మీదే.) హాస్టల్లో చిరిగిపోయేదాకా చదివిన కార్ల పత్రికల జ్ఞానమంతా ఒలకబోశాను. "ముందు చక్రాలు లాగేది వద్దు మావయ్యా, వెనక చక్రాలు తోసేది కొను. నేలకి ఎంత దగ్గరగా ఉంటే మలుపులో అంత పట్టు." ఆయన ఓపిగ్గా విని, "లాగితే ఏంటి, తోస్తే ఏంటిరా. ఊరంతా చూసి కుళ్లుకోవాలి, అంతే" అన్నాడు. నా ఆరాటం వేరు. ఆయన కొంటే సెలవుల్లో తోలేది నేనేగా. ఆ ఆశతో నాకు నిద్ర పట్టేది కాదు.

నేను చెప్పిన గుణాలన్నీ ఉన్న సెకండ్‌హ్యాండ్ ఎర్ర కారును ఒక కార్ల బ్రోకరు హైదరాబాదు నుంచి తెచ్చాడు. మావయ్య తోలాడు, నేను పక్కన కూర్చున్నాను. ఊరి బయట మలుపులో బండి ఇసుమంత కూడా తూలలేదు. "చూశావా" అనబోయేంతలో ఎదురుగా రోడ్డు నిండా ఆరబోసిన మిరపకాయలు. అవి మావే. ఆపే వ్యవధి లేక తొక్కుకుంటూ పోయాం. జానెడెత్తు బండి కదా, కాయలు దోసిళ్లకొద్దీ అడుగున ఇరుక్కున్నాయి. (ఆ సంగతి మాకప్పుడు తెలియదు.)

ఇంటి ముందు ఆపేసరికి జనం మూగారు. మావయ్య దిగి మీసం మీద చెయ్యి వేశాడో లేదో, కింద కాలుతున్న సైలెన్సరు మీద మిరపకాయలు వేగడం మొదలైంది. దగ్గులు, తుమ్ములు, పరుగులు. వీధికుక్క కూడా తుమ్మింది.

అప్పుడు మా అమ్మమ్మ, అంటే మావయ్యను కన్నతల్లి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. దిష్టి తీసి నిప్పులో వేసిన మిరపకాయల ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, వస్తే లేనట్టు. అది ఆవిడ నమ్మకం. కారు చుట్టూ ఓసారి తిరిగి, "ఒరేయ్ అబ్బాయ్, ఇంత ఘాటొచ్చిందంటే దీనికి రవ్వంత దిష్టి కూడా తగల్లేదురా. ఊళ్లో ఒక్కడికీ నచ్చలేదన్నమాట" అని తేల్చేసింది.

మావయ్య మొహం మాడిపోయింది. "తీసుకెళ్లిపోండి" అన్నాడు బ్రోకరుతో. నేను బిత్తరపోయి, "మలుపులో ఎంత బాగా తిరిగింది మావయ్యా" అని బతిమాలాను.

"దిష్టి తగలని బండి నాకెందుకురా" అన్నాడాయన.

ఘాటు తగ్గి చాలాసేపయినా నా కళ్లు ఆరలేదు. "పాపం, పిల్లాడికి మిరపకాయ పడలేదు" అంటూ అమ్మమ్మ మజ్జిగ ఇచ్చింది. మిరప పండించే ఇంటి బిడ్డకు మిరపకాయ పడకపోవడమేమిటని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు తలచుకుంటే, అరుగు మీద మజ్జిగ తాగుతూ వెక్కుతున్న ఆ వెర్రివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మలుపు దాకా ఒక్కసారి తిప్పి తీసుకురావాలనిపిస్తుంది.