చేపలమ్మ జంక్షన్

మొన్న కూర్మన్నపాలెం దాటి కారులో వస్తుంటే, డ్రైవరు ఫోనులోంచి ఒక ఆడగొంతు, పట్టుచీర కట్టుకుని మాట్లాడుతున్నంత మర్యాదగా, చేపలమ్మ జంక్షన్ దగ్గర ఎడమవైపు తిరగమంది. కుర్రాడు తిప్పుతూనే, "ఇక్కడ సేపలమ్మ గుడి ఎక్కడుంటాది బాబాయ్?" అని అడిగాడు. ఆ పేరు రావడానికి కారణం నేనే, నేను తెప్పించాలనుకున్న పేరు మాత్రం అది కాదు.

మా నాన్న గోదావరి వైపు మనిషి. స్టీలు ప్లాంటు ఉద్యోగాలకు వచ్చిన మావైపు జనానికి గిన్నెలు అమ్ముకుందామని వచ్చి, ఇక్కడే స్టీలు సామాన్ల కొట్టు పెట్టాడు. నాలుగు రోడ్లు కలిస్తే ఆయనకది సెంటరు, అక్కడో టీ బండీ, పేపరు చదివి వాదించుకునే నలుగురు పెద్దమనుషులూ ఉండి తీరాలి. నాయనమ్మకది వీధి మొగ, దిష్టి తీసిన నిమ్మకాయలు తొక్కకుండా దాటాల్సిన చోటు. హైదరాబాదు మేనత్తకు చౌరస్తా. బడి పుస్తకంలో కూడలి అని ఉండేది గాని, ఆ మాట ఎవరూ అనగా నేను వినలేదు. విశాఖలో మాత్రం రెండు సందులు ఎదురుపడి పలకరించుకున్నా జంక్షనే. రైలు రాని జంక్షన్లు ఇన్ని ఉన్న ఊరు మరొకటి ఉండదేమో! వాటికి ఎవరూ కూర్చుని పేరు పెట్టరు. కండక్టరు కంటికి ఏది ఆనితే అది అరుస్తాడు, పదిమంది దిగితే అదే పేరు.

తొంభైల చివర్లో మా కొట్టు ముందు కలిసే నాలుగు రోడ్లకు ఇంకా పేరు లేదు. అది శ్రీలక్ష్మి జంక్షన్ కావాలని, అంటే మా కొట్టు పేరు మీద, నాన్న కోరిక. వదిలొచ్చిన ఊళ్లో మనల్ని తలుచుకునేవాళ్లు లేరు, ఇక్కడైనా దారి అడిగేవాళ్ల నోట మన పేరు ఉండాలిరా అనేవాడు. పొద్దుటి ఎండ గిన్నెల మీద పడి ఎదుటి గోడ మీద వెలుగు చేపపిల్లల్లా కదులుతుంటే, ఆయన బోర్డు కేసి చూస్తూ కలలు కనేవాడు.

డిగ్రీ తప్పి కొట్లో కూర్చున్న నాకు, బేరంలో నన్ను మించినవాడు లేడని గట్టి నమ్మకం. ఆటోవాళ్లకు తలా ఒక గ్లాసు ఇచ్చి, ఇక్కడికొచ్చేసరికి శ్రీలక్ష్మి అని అరిచేలా ఒప్పించాను. ఇక మిగిలిన అడ్డు ఒక్కటే. జాలరిపేట నుంచి పొద్దున్నే బస్సులో తట్టతో వచ్చి, మా మెట్ల నీడలోనే చేపలు అమ్మే ఆవిడ. శాకాహారుల కొట్టు, లక్ష్మీదేవి బోర్డు, దాని కింద చేపల వాసన. ఆవిణ్ణి రోడ్డు అవతలికి పంపే పని నామీద పడింది.

"నానిక్కడ కూకుంటే నీ గిన్నెలు మైల పడిపోతాయేటి బాబూ?" అంది. సొట్టపోయిన బేసినొకటి ఇస్తానన్నాను. దాన్ని వేలితో మోగించి, మొహం చిట్లించి, "సొట్టది నువ్వే దాసుకో. మూతున్న బేసిను, నీడకో పట్టా, నాలుగు కర్రలు ఇయ్యి, ఎల్తాను" అంది. గంటసేపు బేరమాడి నాలుగు కర్రల్ని మూడుకు దించాను. నాలుగో కొసను అక్కడున్న బస్‌స్టాపు స్తంభానికి కట్టుకోమన్నాను. గెలిచానని ఆ పూట ఈల కూడా వేశాను.

ఇంకేముంది, బస్సు దిగిన ప్రతివాడి మొహానికీ ముందు తగిలేది ఆ నీలం పట్టా, దాని కింద ఆవిడ. మా శ్రీలక్ష్మి రోడ్డు అవతల ఎండలో మెరుస్తూ ఉండిపోయింది. వారం తిరక్కుండానే ఒక ఆటోవాడు గ్లాసు తిరిగి తెచ్చాడు. "లక్ష్మి అంటే ఎవులూ దిగట్లేదు బావా, సేపలమ్మ అంటే బండి కాళీ అయిపోతంది. నానేటి సేసీది?" అన్నాడు. గ్లాసు ఉంచుకోమన్నాను, ఇంకేమనగలను!

రెండేళ్లు నాన్న ఆ అరుపులు వినీ విననట్టే ఉన్నాడు. కొత్త బోర్డు రాయించే రోజు పెయింటరు అడ్రసు అడిగితే, నాన్న రోడ్డు కేసి చూసి, చేపలమ్మ జంక్షన్ అని రాయమన్నాడు. ఆయన మొహం చూడలేక నేను తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచాను. ఎవరిచేత చదివించుకుందో, మధ్యాహ్నానికి ఆవిడ రోడ్డు దాటి వచ్చి, ఆకులో చుట్టిన కోనాం చేప ఒకటి నాన్న ముందు పెట్టింది, ధర చెప్పకుండా. మేం శాకాహారులమన్న సంగతి ఆ సంబరంలో ఆవిడ మరిచిపోయింది. నాన్న గుర్తు చెయ్యలేదు. రెండు చేతులా అందుకున్నాడు.

ఇప్పుడు నాన్న లేడు. మా కొట్టున్న చోట ఫోన్లు అమ్ముతున్నారు. రోడ్డు వెడల్పు చేశాక బస్సు ఎక్కడో ముందుకెళ్లి ఆగుతోంది. ఈ రోజుల్లో ఒక్క మనిషి దిగకముందే కాలనీ ప్లానులో జంక్షన్లకు పేర్లు అచ్చయిపోతున్నాయి. అరవక్కర్లేదు, వినక్కర్లేదు. ఆవిడ ఏ ఏడు రావడం మానేసిందో నాకు సరిగ్గా గుర్తులేదు. అన్నేళ్లు ఆవిడకెదురుగా కూర్చున్నవాణ్ణి, ఆవిడ అసలు పేరేమిటని ఒక్కసారి అడగలేదు.

గుడి లేదు బాబూ, మూడు కర్రల పందిరి ఉండేది, అన్నాను చివరికి. కుర్రాడు ఏమనుకున్నాడో, మలుపులో వేగం తగ్గించి, స్టీరింగు మీది చెయ్యి తీసి కళ్లకద్దుకున్నాడు. దిద్దబోయి ఊరుకున్నాను. నాలుగో కర్ర ఇవ్వనందుకే పట్టా బస్‌స్టాపుకు చేరి మా పేరు పోయిందని అంతవరకు బాధపడినవాణ్ణి, మొదటిసారి ఇవ్వకపోవడమే మంచిదైందనుకున్నాను.