సెలూన్ తలుపులు

సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెత చోటే సాహెబ్‌ను చూసే పుట్టించి ఉంటారు. బిట్రగుంటలో ఆయనంత నున్నగా చిత్రిక పట్టే వడ్రంగి లేడు. నలభై ఏళ్లుగా ఆయన చేసిన మంచాలు నెల్లూరు కొట్లలోకి చేరి బెంగళూరు మంచాలయ్యాయి, సోఫాలు మద్రాసు సోఫాలయ్యాయి. ఆయన పేరు చెప్పి అమ్మిన వస్తువు ఒక్కటీ లేదు. వయసులో ఉన్నప్పుడు నవ్వి ఊరుకునేవాడు. యాభై ఎనిమిదేళ్లు వచ్చాక ఆ సంగతి తలుచుకుంటే కడుపు మండుతోంది.

అందుకే ఆ శనివారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని నెల్లూరు బస్సెక్కాడు. గూడూరు నిమ్మకాయల వ్యాపారి ఆదెయ్య హోటలు కడుతున్నాడు. అరవై గదులు, అంటే అరవై తలుపులు. ఆయన ఆ రోజు నెల్లూరులో మాల్యాద్రి అనే ఆసామి కొత్తగా తెరిచిన సెలూన్ చూడటానికి వస్తున్నాడని ఆదెయ్య డ్రైవరు చెప్పాడు. ఆ సెలూన్ గుమ్మానికి తలుపులు చేసింది చోటే సాహెబే. వాటిని చూపించి ఆ అరవై తలుపుల పనీ అడగాలి. మధ్యలో ఏ కొట్టువాడూ ఉండకూడదు. ఈ ఒక్కసారైనా పని తన పేరు మీద జరగాలి.

రెండు నెలల కిందట మాల్యాద్రి వచ్చి, "సెలూనుకు తలుపులు కావాల భాయ్. ఛాతీ దాకా ఉంటే చాలు, అటూ ఇటూ ఊగాల," అని ఫోన్లో బొమ్మ చూపించాడు. లోపల క్షవరం చేయించుకునేవాళ్లకు గాలి ఆడటానికి కాబోలు అనుకున్నాడు చోటే సాహెబ్. డబ్బున్నవాళ్ల క్షవరాలు ఎలా ఉంటాయో ఆయనకేం తెలుసు? మంచి టేకు ఏరి, ప్రాణం పెట్టి చేసి వ్యానెక్కించాడు. ఇప్పుడు బయల్దేరుతుంటే భార్య ఆమినాబీ కూడా, "ఎటూ పోతా ఉండావు గదా, ఆ గడ్డం కూడా సరిచేయించుకోని రా," అంది.

తీరా వెళ్లి చూస్తే గోడకు ఎద్దు పుర్రె, పైకప్పుకు అమెరికా జెండా, సర్వర్ల నెత్తిన వెడల్పు అంచుల టోపీలు. మంగలి కుర్చీ ఒక్కటీ లేదు. ఒక గోడంతా సీసాలే. అమెరికాలో సెలూనంటే సారాయి కొట్టు అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మాల్యాద్రి ఆయన్ను చూసీ చూడనట్టు తలాడించి మూల బల్ల చూపించాడు.

చోటే సాహెబ్‌కు ఒళ్లు మండిపోయింది. సగం మాల్యాద్రి మీద, సగం తన మీద. తలుపు ఎడమ రెక్క పై అంచున తాను పెన్సిలుతో ఏడు, ఎనిమిది, ఆరు అని రాసిన సంగతి గుర్తొచ్చింది. బిస్మిల్లాకు బదులు రాసే అంకె అది. వాళ్ల నాయన చేసిన ప్రతి పని మీదా అలా రాసేవాడు. గూడూరులో ఆదెయ్య ఇంటి తలుపుల మీద ఇప్పటికీ ఉంది. ఆ అంకెను ఇక్కడ తాగినవాళ్లు వస్తూ పోతూ చేతులతో తోస్తున్నారు. ఒకడు గ్లాసు ఒలకబోసుకుని ఆ తడి చెయ్యి సరిగ్గా అక్కడే ఆనించాడు.

పోనీ చెరిపేద్దామా అంటే, ఆదెయ్యకు చూపించడానికి ఉన్న రుజువు అదొక్కటే. నిమ్మసోడా ముందు పెట్టుకుని అరగంట కక్కలేక మింగలేక కూర్చున్నాడు. ఆదెయ్య రాలేదు. తలుపు ఊగిన ప్రతిసారీ ఇంకో చెయ్యి ఆ అంకె మీద పడుతోంది. చివరికి లేచి వెళ్లి ఇంటి తాళంచెవితో అంకెను గీకేశాడు. పనితనం చూసి ఆదెయ్యే పోల్చుకుంటాడులే అని ధైర్యం చెప్పుకున్నాడు.

కాసేపటికి ఆదెయ్య వచ్చాడు. రెక్కను రెండుసార్లు ఊపి చూశాడు. చప్పుడు లేదు.

"యాడ చేయించినావు మాల్యాద్రీ?"

"టెక్సాస్ నుంచి తెప్పించినానన్నా."

చోటే సాహెబ్ మూల బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చాడు. "అది నా పని," అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. పక్క బల్లలవాళ్లు తిరిగి చూశారు.

ఆదెయ్య ముఖం విప్పారింది. "నువ్వా భాయ్. అయితే మీ అంకె ఉండాల గదా," అంటూ ఫోను లైటు వేసి పై అంచు చూశాడు. పాలిష్ లేచిపోయి కొత్తగా గీకిన చోటు కనిపించింది. తర్వాత చోటే సాహెబ్ వేళ్ల వైపు చూశాడు. గోళ్లలో టేకు పొట్టు ఉంది.

"నువ్వే గీకినావా?"

"నేనే."

"ఎవరి గుర్తు గీకినావు?"

"నాదే."

"తన గుర్తు తానే గీక్కునేవాడు యాడన్నా ఉంటాడా భాయ్?"

తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయాడు, ఏ దొంగతనమూ చేయకుండానే. "బార్ అని తెలీదన్నా," అన్నాడు చివరికి. "సెలూనంటే క్షవరం షాపు అనుకోని రాసినా. ఈడికొచ్చి చూసినాక, ఆ అంకె ఇట్టాంటి చోట ఉండకూడదని చెరిపినా."

బల్లల దగ్గర నవ్వులు లేచాయి. ఎవడో రెండు వేళ్లు కత్తెరలా ఆడించాడు. చోటే సాహెబ్ చెప్పింది అక్షరాలా నిజం. అబద్ధమే చెప్పి ఉంటే ఇంతకంటే నమ్మేవాళ్లేమో.

ఆదెయ్య మాత్రం నవ్వలేదు. "మీ నాయన చేసిన తలుపులు మా ఇంట్లో ఉండాయి. ఆయన కొడుకువై ఉండి, ఇంకొకరి గుర్తు చెరిపి నాదంటావనుకోలేదు," అన్నాడు. తర్వాత మాల్యాద్రి వైపు తిరిగాడు. "నాకు అరవై కావాల. ఆ అమెరికా వాళ్లకే చెప్పు."

అంతసేపటిలో మాల్యాద్రి మొదటిసారి చోటే సాహెబ్ కళ్లలోకి చూశాడు.

"సోమవారమే ఫోన్ చేస్తానన్నా వాళ్లకి," అన్నాడు.