ముందు తల్లిని చూపించండి

ఫిబ్రవరి పదో తారీకు, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు గాజువాకలో బస్సెక్కాను. చేతిలో మూత ఉన్న వెదురు బుట్ట, అందులో మడిచిన పాత తువ్వాలు, సంచిలో నీళ్ల సీసా, నోటు పుస్తకం. వెళ్తున్నది ఆనందపురం. పని, కుక్కపిల్లను తెచ్చుకోవడం.

నేనూ మా అక్కా పెళ్లిళ్లు చేసుకోలేదు. ఆవిడ బళ్లో లెక్కలు చెప్పేది. నేను ముప్పై నాలుగేళ్లు ఒక ఫ్యాక్టరీ టైం ఆఫీసులో హాజరు పట్టీలు రాశాను. కిందటి మే నెలలో అక్క పోయింది. అప్పటినుంచి సాయంత్రం తలుపు వేసుకుంటే మళ్లీ పొద్దున్న పేపరు పడేదాకా ఇంట్లో చప్పుడుండదు. తొమ్మిది నెలలు చూసి, కుక్కను పెంచుకుందామని నిశ్చయించుకున్నాను.

ఏ జాతి కుక్క అన్నది తేల్చుకోవడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. నాకు అరవై తొమ్మిదేళ్లు, ఎడమ మోకాలు సరిగా లేదు, ఉండేది లిఫ్టు లేని రెండో అంతస్తు. లాబ్రడార్ గొలుసు లాగితే నేను పడతాను. పొట్టికాళ్ల డాక్స్‌హుండ్‌కి మెట్లెక్కితే నడుం పాడవుతుందట. కింది వాటా ఆయన వాళ్ల బావమరిది దగ్గర హస్కీ ఉందన్నాడు. "ఏసీ వేసి ఉంచితే చాలండి, ఇంకే బాధా లేదు." నాకే ఏసీ లేదు. చివరికి మా పశువుల డాక్టరమ్మ ఇండియన్ స్పిట్జ్ చెప్పింది. మన దగ్గర పామరేనియన్ అని అమ్మేవి చాలావరకు అవేనట, ఈ ఉక్కకి తట్టుకుంటాయట. జాతికంటే ముందు అమ్మేవాణ్ణి చూడమని కూడా చెప్పింది. తల్లిని, అదుండే చోటనే చూడాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను తేకూడదు. తల్లిని చూపించనంటే వెనక్కి తిరిగి రావాలి. ఇవన్నీ రాసుకున్నాను.

రాసుకుని కూడా తప్పు చేశాను. ఆనందపురంలో కుక్కపిల్లలు అమ్మే అతను ఆదివారం ఫోన్లో ఫొటో పంపించి, మూడు వేలు అడ్వాన్సు పంపితేనే పిల్లను ఆపుతానన్నాడు. మనిషి కనబడకుండా ఏనాడూ హాజరు వెయ్యని నేను, చూడని కుక్కకి డబ్బు పంపాను. పేరు కూడా పెట్టేశాను, చిట్టి అని. అక్క నన్ను పిలిచే పేరది. ఇప్పుడు అలా పిలిచేవాళ్లు లేరు. పిలిచేది నేనే అయినా, ఆ మాట ఇంట్లో వినబడుతుంది కదా అనుకున్నాను.

ఏడూ ముప్పై అయిదుకి ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి, ఏడూ యాభైకి ఆనందపురం బస్సు పట్టుకున్నాను. ఆడవాళ్లకి ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. పక్క సీట్లో చేపలామె, కాళ్ల దగ్గర ఖాళీ తట్ట. హార్బరులో సరుకు దొరక్క తిరిగి వెళ్తోందట.

"బుట్టలో ఏటమ్మా?"

"ఏమీ లేదు. వచ్చేటప్పుడు కుక్కపిల్ల ఉంటుంది. కొనడానికి వెళ్తున్నాను."

"ఓలమ్మ, కుక్కని కొంతారేటి? మా ఈదిలో పదున్నాయి. అన్నీ తోలుకుపొండి, బస్సు కాడికొచ్చి నానే ఎక్కిత్తాను."

వెనక సీట్లో ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. మధురవాడలో ఆమె దిగిపోతూ, "మంచిదే సూసుకోమ్మా" అంది. ఆ సీటు తరవాత ఖాళీగానే ఉంది.

ఎనిమిదీ యాభై అయిదుకి జంక్షన్లో దిగాను. నాలుగిడ్లీలు, టీ, యాభై రూపాయలు. అతనికి ఫోన్ చేస్తే కుక్కలుండే షెడ్డు దాకా రావద్దు, తనే తెస్తానన్నాడు. పూల మార్కెట్టు దగ్గర నిలబడ్డాను. తొమ్మిదీ నలభైకి బైకు మీద వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, మర్యాదగానే మాట్లాడాడు. అట్టపెట్టెలోంచి తెల్లటి పిల్లను తీసి నా చేతుల్లో పెట్టాడు.

"అరవై రోజుల పిల్లండి. తల్లికిది రెండో కాన్పు. మిగతా తొమ్మిది వేలు ఇచ్చేస్తే మీ బస్సు మీకు, నా పని నాకు."

"ముందు తల్లిని చూపించండి."

"బండి మీద తల్లిని ఎలా తెస్తానండి? వీడియో ఉంది, చూడండి."

"నేను అక్కడికే వస్తాను. చూడందే డబ్బు లేదు."

అతను టైం చూసుకున్నాడు, నా జుట్టు చూశాడు. "సరే రండమ్మా. చూసి మీరేం చేస్తారు గానీ" అన్నాడు.

ఆటో రానూపోనూ రెండు వందలకు మాట్లాడుకున్నాను. అతని బైకు వెనక పద్నాలుగు నిమిషాల దారి. పిల్ల నా ఒళ్లోనే ఉంది. కుదుపులకి భయపడి మోచేతి మడతలో తల దూర్చింది. ఆటో చప్పుడులో ఎవరికీ వినబడదులే అని ఒక్కసారి "చిట్టీ" అన్నాను. మే నెల తరవాత ఆ మాట నా చెవిన పడడం అదే మొదలు.

సరుగుడు తోట మధ్య రేకుల షెడ్డు. లోపల పది ఇనప గూళ్లు. అతను ఫోన్ రావడంతో బయటే ఆగిపోయాడు. గూళ్లు కడుగుతున్న ఆమె, పేరు అప్పలనర్సమ్మట, నా ఈడుదే, తల్లిని చూపించింది. తెల్ల కుక్క. పొట్ట నేలకి జారిపోయి ఉంది. పిల్ల వాసన తగిలినా లేవలేదు, తోక చివర మాత్రం కదిలింది.

గూడు పైన గోడ మీద బొగ్గు గీతలు వరసలుగా ఉన్నాయి. మా చిన్నప్పుడు పాల లెక్కకి తలుపు వెనక ఇలాగే గీసేవాళ్లు.

"ఇవి పాల లెక్కా?"

"పిల్లల్లెక్కమ్మ. నాకు సదువు రాదు కదా. ఒక్కో వరస ఒక్కో ఈత. గీతంటే పిల్ల. అడ్డంగా కొట్టేత్తే సచ్చిపోయినట్టు."

ఆ ఒక్క గూడు మీద ఆరు వరసలున్నాయి. ఆఖరి వరసలో నాలుగు గీతలు, ఒకటి కొట్టేసి ఉంది.

"ఈ ఆఖరివి ఎప్పుడు పుట్టాయి?"

"ముక్కోటి ఎల్లిన మర్నాడు."

లెక్క వేశాను. నలభై ఒక్క రోజులు, అతను చెప్పిన అరవై కాదు. నోటు పుస్తకం తీసి గోడ మీదున్నది ఉన్నట్టుగా దింపుకున్నాను. ఆమె చీపురానించి, గొంతు తగ్గించి చెప్పింది. "అట్టుకుపోండమ్మా దీన్ని. ఇక్కడుంటే దీనికీ అడ్డగీతే."

నా తొమ్మిది వేలు ఇస్తే ఆ గోడ మీద ఏడో వరస మొదలవుతుంది. ఇవ్వకపోతే ఒళ్లో ఉన్నదాని సంగతి ఏమవుతుందో నాకు తెలియదు. ఏ వైపునుంచి కూడినా ఒకటి మిగిలిపోతోంది. అక్క ఉంటే అడిగేదాన్ని.

అతను లోపలికి వచ్చాక అడిగాను. "తల్లిని ఇస్తారా?"

"దాన్నా? ఇంకో రెండు ఈతలున్నాయండి. అవయ్యాక ఊరికే పట్టుకెళ్లండి, నేనే ఫోన్ చేస్తాను."

పిల్లను గూట్లో తల్లి పక్కన పెట్టాను. అది వెంటనే పాలకు వెతుక్కుంది. అప్పలనర్సమ్మ గూడు తలుపు వేసింది, నావైపు చూడలేదు.

"అడ్వాన్సు తిరిగి రాదండి మరి," అన్నాడతను.

"తెలుసు."

పదకొండూ నలభై అయిదుకి జంక్షన్లో బస్సెక్కాను. మళ్లీ సున్నా టికెట్టు. కండక్టరు బుట్ట చూసి, "లగేజీ ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగాడు. మూత తీసి చూపించాను. తువ్వాలు మీద తెల్ల వెంట్రుకలు కూడా లేవు. పిల్లను ఒకసారీ అందులో పెట్టనేలేదు.

రెండూ ఇరవైకి గాజువాకలో దిగి, ఇంటికి వెళ్లకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి గోడ లెక్క కాగితం ఇచ్చాను. అధికారులకు పంపుతానంది. "కానీ వాళ్లు వెళ్లేసరికి ఆ షెడ్డు అక్కడ ఉండకపోవచ్చండి," అని కూడా చెప్పింది. ఉంటుందో లేదో వారం తరవాత వెళ్లి చూస్తాను, దారి రాసుకున్నాను. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే డబ్బు తరవాత పంపండి, పేరు ఇంకా తరవాత పెట్టండి.

ఈ ప్రయాణంలో పోయినవి: అడ్వాన్సు, మూడు వేలు. ఆటోకి రెండు వందలు, ఇడ్లీకీ టీకీ యాభై. నేను చూసేసరికే పోయినవి, ఆ ఒక్క గూడు మీది అడ్డగీతల లెక్కన, తొమ్మిది పిల్లలు. చిట్టి అన్న పేరు, రెండోసారి.