పూజ గూట్లో మా బావ గిటారు

మా బావ యుగంధర్ పేరు మీరు విని ఉండరు. వినకపోవడం మీ తప్పు కాదు, నాది. ఆ తప్పేమిటో చెబితే తప్ప ఆయన ఎంతటివాడో మీకు తెలియదు కాబట్టి సిగ్గు విడిచి చెబుతున్నాను. తిట్టుకుంటే తిట్టుకోండి గానీ మధ్యలో లేచిపోకండి.

గజపతినగరం చుట్టుపక్కల ఎవరి పొలంలో మోటారు కాలిపోయినా మా బావ షాపుకే తెస్తారు. నలభై ఏళ్లుగా వైండింగ్ పని. కాలిన రాగి తీగ ఊడదీసి, చుట్లు లెక్కపెడుతూ కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఇస్తాడు. ఆయన చుట్టిన మోటారు మళ్లీ కాలిందంటే తప్పు కరెంటుదే తప్ప ఆయనది కాదని ఎవరినడిగినా చెబుతారు. మా అక్క కుసుమకుమారిని ఆయనకిచ్చినప్పుడు మా నాన్న చూసిందీ ఆ చేతిపనినే. గిటారు సంగతి పెళ్లయ్యాక గానీ బయటపడలేదు.

కుర్రతనంలో వాల్తేరులో పని నేర్చుకునేటప్పుడు, ఆయన గది పక్కనే ఒక ఆంగ్లో ఇండియన్ రైల్వే గార్డు ఉండేవాడట. ఆ గార్డు దగ్గర ఒక గిటారు, బీరువా నిండా జాజ్ రికార్డులు. బావ పగలు మోటార్లు, సాయంత్రం గిటారు. జాజ్ అంటే ఏమిటి బావా అని నేనడిగితే ఒకసారి ఇలా చెప్పాడు: "ఒకడు దోవ సూపిస్తాడురా గిరీ. మిగతావోళ్లు ఆ దోవలో ఎవడి నడక ఆడు నడుస్తాడు. ఎవడెంత దూరం ఎల్లినా ఆకర్ని అందరూ ఒక్కసోటికే రావాల." నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను. గిటారు తీగల కింద బిగించి మోత పట్టే పికప్ ఇక్కడెక్కడా దొరక్కపోతే, వెంట్రుక కంటే సన్నటి తీగ తెచ్చి వేల చుట్లు తనే చుట్టుకున్న మనిషి ఆయన.

పక్క ఊరి జాతరలో గంగులు తప్పెట విన్నాడు బావ. గంగులు గొర్రెలు కాసుకునేవాడు, ఆ ఊరి తప్పెటగుళ్ల జట్టుకి గురువు. గుండె మీద తప్పెట కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో గంతు వేస్తుంటే చూస్తున్నవాళ్ల కాళ్లు ఊరుకునేవి కావు. మర్నాడే బావ గిటారు పట్టుకుని గంగులు ఇంటికి వెళ్లిపోయాడు. రెండేళ్లు ఇద్దరూ కలిసి సాధన చేశారు.

పందొమ్మిదివందల ఎనభై ఎనిమిదిలో విశాఖపట్నంలో ఒక చిన్న స్టూడియోలో రికార్డు చేశారు. గంగులుని ఒకచోట నిలబడి వాయించమన్నారు స్టూడియోవాళ్లు. "అడుగెయ్యకపోతే నాకు సెయ్యాడదు బాబూ" అన్నాడాయన. చివరికి నేల మీద ఇంకో మైకు పెట్టి గజ్జెల్ని కూడా పట్టారు. ఎ సైడులో బావ గిటారు, వెనక ఆర్కెస్ట్రా కుర్రాళ్లు. బి సైడంతా బావా గంగులూ ఇద్దరే, ఇరవై రెండు నిమిషాలు. మాట లేదు, పాట లేదు. పేరు 'కళింగ పొద్దు'. పసుపు కవరు మీద ఎర్రటి సూర్యబింబం. అయిదు వందల క్యాసెట్లు వేయించి, సగానికి పైగా నా కొట్లో పెట్టాడు.

అప్పట్లో నాది అరసవల్లిలో, సూర్యనారాయణ స్వామి గుడికెళ్లే దారిలో క్యాసెట్ల కొట్టు. నా తప్పు ఇక్కడే. రథసప్తమి వచ్చింది. రోడ్డంతా జనం. చేతిలో ఎర్రటి సూర్యుడి బొమ్మ ఉన్న క్యాసెట్లు. ఒక్కసారి విని చూద్దామన్న ఇంగితం లేకుండా తీసుకెళ్లి స్వామి పాటల వరసలో ముందు పెట్టేశాను. బావకి సాయం చేస్తున్నానని నా పిచ్చి ఆనందం! సాయంత్రానికి నూట పన్నెండు పోయాయి. ఆ రోజు నేను నేల మీద నడిచానా?

మూడో రోజు నుంచి మొదలైంది. ఒక పెద్దాయన క్యాసెట్టు బల్ల మీద విసిరికొట్టి, "స్వామి పాటలని సెప్పి ఇదేటి బాబూ ఇచ్చావు? రేకు మీద గులకరాళ్లు పోసినట్టున్నాది. సదువుకున్నోడివి, దేవుడి పేరుతో మోసమేటి?" అని అరిచాడు. ఆయన వెనక ఇంకో ముగ్గురు, చేతుల్లో అవే క్యాసెట్లు. వాళ్ల వెనక, అమ్మకం ఎలా ఉందో చూద్దామని ఊరి నుంచి వచ్చిన మా బావ. అన్నీ విన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది. మిగిలినవీ, తిరిగొచ్చినవీ డబ్బాల్లో సర్దుకుని బస్సెక్కిపోయాడు. ఆ తరవాత తిరిగొచ్చినవి కూడా ఆయనకే పంపించేశాను.

ఆ డబ్బాల్ని ఏం చేశాడో తరవాత అక్క చెప్పింది. మావైపు చేలల్లో పిట్టలు వాలకుండా క్యాసెట్టు టేపు కడతారు. గాలికి ఝుమ్మంటుంది, ఎండకి తళుక్కుమంటుంది, పిట్ట దగ్గరికి రాదు. అడిగిన రైతుకల్లా బావ తన క్యాసెట్లు పంచేశాడు. కోపంలో ఇంట్లో ఒక్కటీ ఉంచుకోలేదు. ఆ ఏడు గజపతినగరం గంటిచేలకి, అంటే సజ్జచేలకి, అన్నిటికీ మా బావ సంగీతమే కాపలా. అక్క కళ్లొత్తుకుంటూ చెబుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ తరవాత ఆయన నలుగురిలో గిటారు పట్టలేదు. స్టూడియో మూతపడింది, అసలు టేపు ఏమైందో ఎవరికీ తెలియదు. ఎనిమిదేళ్ల క్రితం గంగులు పోయాడు. బావ పాడె మోసి వచ్చాడు.

నిరుడు కార్తీక మాసంలో ఒకమ్మాయి నా కొట్టు ముందు ఆటో దిగింది. ఇప్పుడు నేను అమ్మేది ఫోన్లకి వేసే కవర్లూ, చార్జర్లూ. "గిరిబాబు గారి క్యాసెట్ సెంటర్ ఇదేనాండీ?" అని అడిగింది. ఆ పేరు విని ఎన్నేళ్లయిందో! తన పేరు ఝాన్సీ అనీ, హైదరాబాదులో పాత సంగీతం వెతికి మళ్లీ రికార్డులుగా తెస్తుందనీ చెప్పింది. అక్కడ పాత సామాన్ల బజార్లో 'కళింగ పొద్దు' ఒకటి దొరికిందట. కవరు లోపల నా కొట్టు పేరు ఉందట. ఎ సైడు నెట్లో పెడితే లక్షల మంది విన్నారనీ, ఎక్కడెక్కడి దేశాల్లోనో గిటారు నేర్చుకునేవాళ్లు అది వాయించి వీడియోలు పెడుతున్నారనీ ఫోన్లో చూపించింది.

మరి బి సైడు? ఆ క్యాసెట్టు కొన్న మహానుభావులెవరో దాని మీద తమ పాప బారసాల రికార్డు చేసుకున్నారు. ఇరవై రెండు నిమిషాలూ పేరంటాళ్ల గోలే.

ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని గజపతినగరం వెళ్లాను. బావ మోటారు ముందు కూర్చుని తీగ చుడుతున్నాడు. ఝాన్సీ ఫోను నొక్కింది. చుట్టే చేతులు ఆగిపోయాయి. పాట మొత్తం అయ్యేదాకా తల ఎత్తలేదు. తరవాత నా వైపు చూసి, "బాగానే వాయించాను గదరా?" అన్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

రెండో వైపు లేదని తెలియగానే మాత్రం ఆయన ముఖం మారిపోయింది. "అయితే ఒద్దమ్మా. గంగులు నేకండా ఆ పేరుతో ఏదీ బయటికి రాకూడదు. నా ఒక్కడిదీ ఏసుకుని ఊరేగితే ఆడి ముందు నాకు మొకముండదు. ఆడు వాయించినది ఇంకెక్కడా నేదు, అదొక్కటే." ఝాన్సీ ఎంత బతిమాలినా ఇదే మాట. బి సైడు దొరికితే రికార్డు, దొరక్కపోతే లేదు.

దొరకాలంటే నేనే వెతకాలి. ఆ రోజు అమ్మింది నేను, తిరిగి తెచ్చినవాళ్ల ముఖాలు చూసిందీ నేను. నూట పన్నెండులో వెనక్కి వచ్చినవి ఎనభై లోపే. మిగతావి ఏమైనట్టు? ఆ కవరు బొమ్మ పెద్దగా అచ్చు వేయించి, 'ఈ క్యాసెట్టు మీ ఇంట్లో ఉందా?' అని రాయించి కొట్టు ముందు కట్టాను. ఆదివారం ఆదివారం గుడికొచ్చే వాళ్లందరినీ ఆపి అడిగాను. పిచ్చోడనుకున్నా ఫర్వాలేదనుకున్నాను. ఒకాయన ఖాళీ డబ్బా తెచ్చాడు. ఒకామె తెచ్చినదానికి బూజు పట్టి టేపు అతుక్కుపోయింది. ఇంకొకాయన, "దేవుడిది చెత్తలో ఎయ్యకూడదని పాత పటాలతో పాటు నాగావళిలో కలిపేశాం బాబూ" అని చేతులు జోడించాడు. నాలుగు వారాలు ఇదే వరస.

అయిదో ఆదివారం ఒకావిడ నా బోర్డు చూసి, చెప్పులు విడిచి, దానికి దణ్ణం పెట్టింది. నేను కొట్లోంచి ఒక్క గెంతు గెంతాను. పేరు యమున, ఊరు పాతపట్నం. "ఇది మా అత్త పూజ గూట్లో ఉన్నాది. ఏటా రథసప్తమికి పెడతాం" అంది. ఓరి నాయనో, ఆవిడ కాళ్ల మీద పడడం ఒక్కటే తక్కువ!

అత్తగారి పేరు లక్ష్మీనరసమ్మ. ఎనభై దగ్గర పడింది. ఫోన్లో ఆవిడ తెగేసి చెప్పింది: "స్వామిని గడప దాటించను. కావాలంటే మీరే రండి. వాయించినోడు ఎవడో ఉన్నాడంటున్నారు, ఆడ్ని కూడా తీసుకురండి." ఝాన్సీ టేపు మిషనుతో రైలెక్కి వచ్చింది. బావ ముందు రానన్నాడు. మళ్లీ జనం చేత మాట పడే ఓపిక లేదన్నాడు. "నీ కోసం కాదు బావా, గంగులు కోసం" అన్నాను. గిటారు తీసుకుని కారెక్కాడు.

పాతపట్నంలో పొద్దున్నే ఆ ఇంటి ముందు దిగాం. పూజ గూట్లో పటాల పక్కన, పసుపు గుడ్డలో చుట్టి ఉంది క్యాసెట్టు. డబ్బా మీద ఏళ్ల తరబడి పెట్టిన కుంకుమ. నేను ఆగలేక, "అమ్మా, తప్పు నాది. ఇవి స్వామి పాటలు కావు. తెలీక అలగ అమ్మేశాను" అని చెప్పేశాను.

"కావని నీకెవరు సెప్పారు? మాటలుంటే గాని స్వామి ఇనడేటి?" అని ఆవిడ నన్ను కసిరింది. "ఏటా పాలు పొంగేదాకా పెడతాం. ఆ రెండో వైపే. ముందు వైపు నాకంత పట్టనేదు."

ప్రపంచమంతా మెచ్చుకున్న వైపు ఆవిడకి పట్టలేదట! బావ పెదాల మీద నవ్వు చూశాను. చాలా ఏళ్ల తరవాత చూశాను.

"నువ్వేనా వాయించినోడివి? ఏదీ, వాయించు సూద్దాం. ఆ తరవాతే గుడ్డ ఇప్పుతాను" అంది లక్ష్మీనరసమ్మ. బావ చాప మీద కూర్చున్నాడు. శ్రుతి సరిచేసుకుని బి సైడు వరస అందుకున్నాడు. వేళ్లు మొదట తడబడ్డాయి, తరవాత దారికొచ్చాయి. ఆవిడ కళ్లు మూసుకుని లోగొంతుతో వెంట పాడుతోంది. వంటింటి గుమ్మంలో యమున కూడా అదే వరస కూనిరాగం తీస్తోంది. ఎవరూ మెచ్చలేదని చేలకు కట్టేసిన సంగీతాన్ని ఈ ఇంట్లో అత్తాకోడళ్లు కంఠతా పాడుకుంటున్నారు! నా ఒళ్లంతా పులకరించింది.

"ఆగు!" అంది లక్ష్మీనరసమ్మ హఠాత్తుగా. "అక్కడ తప్పు."

బావ ముఖం కందిపోయింది. "తప్పేటమ్మా? నేను కట్టిన వరసే గదా?"

"కట్టింది నువ్వే అవ్వొచ్చు. ఇన్నది మేము. అక్కడ గజ్జెలోడు ఏడు అడుగులేస్తాడు. అంతదాకా నువ్వు ఊరుకోవాల. ఏడోది పడ్డాక రావాల. నువ్వు ముందే దూరిపోయావు."

బావ ఒప్పుకోలేదు. ఆవిడ లేచి, గూటికి దణ్ణం పెట్టి, గుడ్డ విప్పి క్యాసెట్టు ఝాన్సీ చేతిలో పెట్టింది. మిషను తిరిగింది. కాసేపు బుసబుస, తరవాత బావ గిటారు, దాని కింద గంగులు తప్పెట, నిన్ననే వాయించినంత స్పష్టంగా. ఝాన్సీ ఊపిరి బిగబట్టి రికార్డు చేస్తోంది. ఆ చోటు వచ్చింది. గిటారు ఆగిపోయింది. గజ్జెలొక్కటే. లక్ష్మీనరసమ్మ వేళ్లు మడుస్తోంది. ఒకటి, రెండు, మూడు. ఏడో అడుగు పడ్డాక గంగులు "హోయ్" అన్నాడు. అప్పుడు గిటారు వచ్చింది.

బావ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "ఆడి కోసం ఆగడం మర్సిపోయాన్రా గిరీ" అన్నాడు. టేపు చివరిదాకా అలాగే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నా తప్పు వల్ల పోయిందనుకున్నది నా తప్పు వల్లే ఈ గూట్లో బతికింది. స్వామిదని కాకపోతే ఈపాటికి దీని మీదా ఎవరి బారసాలో ఉండేది. ఇలాంటి మనిషికి బావమరిదినని ఊరంతా అరిచి చెప్పాలనిపించింది.

లక్ష్మీనరసమ్మ వచ్చి బావ ఎదురుగా చాప మీద కూర్చుంది. "ఏడుపెందుకు బాబూ? మళ్లీ వాయించు. ఎప్పుడు రావాలో నాను సెప్తాను" అంది.

బావ ముఖం తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఆ చోటుకి రాగానే చేయి ఆపేసి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ అరచేత్తో నేల మీద ఒకటి, రెండు, మూడు అని ఏడు సార్లు కొట్టింది. ఏడోది పడ్డాక తల ఊపింది. బావ అప్పుడు అందుకున్నాడు.