నాన్న పట్టికలో ఏడులు

మా నాన్న ముప్పై ఏళ్లు సూరత్‌లో సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మేం సాంచాలనే అంటాం. పోయిన వానాకాలంలో ఒక రోజు షిఫ్టుకు పోలేదు. మర్నాడూ పోలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ముందు గడ్డం గీసుకోవడం మానేశాడు, తర్వాత స్నానం, ఆ తర్వాత చాయ్ అడగడం. ఈ వరుసంతా నేను తేదీలతో రాసిపెట్టుకున్నాను. నేను టెక్స్‌టైల్ డిప్లొమా చదివి సూరత్‌లోనే పాండేసరలో, ఒక రంగులద్దే మిల్లులో బట్ట చెకింగ్ చేస్తాను. లోపం ఎక్కడ మొదలైందో తెలిస్తే సగం పని అయిపోయినట్టేనని అక్కడ నేర్చుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టర్ అది డిప్రెషన్ అన్నాడు. మందులు రాసి, అక్కడ జరుగుతున్న ఒక పరిశోధనలో చేరతారా అని అడిగాడు. మందులతో పాటు వారానికోసారి కూర్చోబెట్టి మాట్లాడటం, రోజూ చిన్న చిన్న పనులు చేయించడం ఎంతవరకు పనికొస్తాయో చూసే పరిశోధన అది. అలా కూర్చోబెట్టి మాట్లాడే సైకాలజిస్టు ఒక గుజరాతీ అమ్మాయి, నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. నాన్న ఆమెను గుజరాతీలో చెల్లిని పిలిచినట్టు బెన్ అని పిలిచేవాడు.

చేరిన మొదటి రోజే ఆమెకు నా జాబితా చూపించాను. అందులో పదకొండు కారణాలున్నాయి: సాంచాల మోతకు మందగించిన చెవులు, మోకాళ్లు, బాబాయితో మాటల్లేకపోవడం, నానమ్మ పోవడం, ఇలా. వీటిలో అసలుది ఏదని అడిగాను.

"అన్నీ కొంత కొంత కావచ్చు. పుట్టుకతో వచ్చింది కూడా కొంత ఉండొచ్చు. ఒక్కదాన్నే పట్టుకోవాలని చూడకండి," అంది హిందీలో.

ఆ జవాబు నాకు నచ్చలేదు. కానీ ఆమె ఇచ్చిన పట్టిక నచ్చింది. ఒక గడిలో ఆ రోజు చేసిన పని, పక్క గడిలో మనసు ఎలా ఉందో సున్నా నుంచి పది దాకా. పది అంటే చాలా బాగున్నట్టు. నాన్నకు రాయడం అంతగా రాదు కనుక ఆ పని నేను తీసుకున్నాను. రోజూ సాయంత్రం మిల్లు నుంచి రాగానే పెన్ను తీసేవాణ్ని.

"బాపూ, ఇయ్యాల పదిల ఎంత?"

"ఏడు రాయి."

"నిన్న గూడ ఏడే అంటివి."

"మంచిగనే ఉన్న అంటున్న గదరా. రాయి."

మూడు వారాల్లో రెండు ఎనిమిదులు, మిగతావన్నీ ఏడులు. దానికి నేను గ్రాఫు కూడా గీశాను. అది చూసి బెన్, ఇలాగే ఉంటే ఇక వారం వారం రానక్కర్లేదని, నెలకోసారి చాలని, వచ్చే వారం నిర్ణయిద్దామని చెప్పింది. నాన్న తలూపాడు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అమ్మ కంచంలో మిగిలిన అన్నం చూపించింది. "ఏడట, ఏడు. ఏడున్నోడు గిన్నే తింటడారా?"

"మరెందుకు గట్ల చెప్తుండు?"

"పెన్ను పట్టుకొని చెకింగోని లెక్క బాపు మీద నిలవడుతున్నవ్. ఏ సాంచావాలా దాగు చూపెడ్తడు?"

ఈ సంగతి నాకు అమ్మ చెప్పాల్సింది కాదు. చెకింగ్‌కు పంపే బట్టను నేతగాళ్లు దాగు పడి చెడిన గజం లోపలికి పోయేలా మడతపెడతారు, పైకి శుభ్రమైన వైపే కనిపిస్తుంది. ఆ మడతలు విప్పడమే నా ఉద్యోగం. ఇంట్లో మాత్రం పైన కనిపించిందే రాసుకున్నాను.

తర్వాతి వారం ఆసుపత్రికి పోయే బస్సులో నాన్న పక్కన కూర్చున్నాను.

"బాపూ, ఇగ పట్టిక నేను రాయను. నీకెంత అనిపిస్తే గంత బెన్‌కు నువ్వే చెప్పు."

కిటికీ వైపు తిరిగాడు. "నువ్వు గంత మంచిగ గీతలు గీస్తివి. తక్కువ చెప్తే పాడైతయనుకున్న," అన్నాడు.



గదిలోకి వెళ్లగానే, ఆ అంకెలు నమ్మొద్దని, తప్పు నేను అడిగిన తీరులో ఉందని బెన్‌తో చెప్పాను. ఆమె నాన్న వైపు తిరిగి, ఈ వారం ఎలా ఉందని అడిగింది. ఆయన నా మొహం చూశాడు. తర్వాత నేల చూశాడు.

"రెండు, బెన్," అన్నాడు హిందీలో. "కొన్ని దినాలు అదీ లేదు."

ఆమె గ్రాఫు పక్కన పెట్టి కుర్చీ ముందుకు జరుపుకుంది. నెలకోసారి మాట ఇక ఎత్తలేదు. నన్ను బయట కూర్చోమంది. ఆ రోజు వాళ్లు గంటకు పైనే మాట్లాడుకున్నారు. లోపల ఏం చెప్పాడో నేను ఇప్పటిదాకా అడగలేదు.