పేజీ పాతది, కోపం తాజాది

ఇంటర్నెట్ అంటే ఇంట్ల ఉండేది గాదు, చెప్పులేసుకొని పోయి చూసొచ్చేది అనుకునే కాలం ఒకటుండె. ఆ రోజుల్ల నేను డిగ్రీ ముగించి శాలిబండల ఒక ఇంటర్నెట్ సెంటర్ల కొలువు చేస్తుంటి. ప్లైవుడ్ చెక్కల క్యాబిన్లు, ఒక్కోదానికి ఒక్కో పరదా. వచ్చినోళ్లకు మౌస్ పట్టుడు నేర్పుడు, మెయిల్ ఐడీ చేసిచ్చుడు నా పని. ఆ మాత్రానికే గల్లీల అందరు నన్ను 'కంప్యూటర్ సార్' అనేటోళ్లు. (ఇంట్ల అమ్మ మాత్రం 'ఏదన్న నౌకరి చూసుకోరాదురా' అంటుండె.) ఓనర్ను సేఠ్ అనేటోళ్లం. ఆయన నాకు చెప్పిన రూల్ ఒక్కటే: "దేఖో మియా, ఒక క్యాబిన్ ముచ్చట ఇంకో క్యాబిన్ల చెప్పొద్దు." డాక్టర్లు రోగుల సంగతి దాచినట్టు నేను ఆ రూల్ పాటించిన. లొల్లి అంత దానితోనే వచ్చింది.

సాయంత్రం ఆఫీసు అయినంక ఒక ఆఫీసర్ సార్ వచ్చేటోరు. గోదావరి జిల్లా మనిషి, ఇల్లు మలక్‌పేటల. ఆయనకు నేనే ఒక తెలుగు ఫోరంల పేరు పెట్టిచ్చిన. ఫోరం అంటే చాయ్ హోటల్ టేబుల్ అసొంటిది; ఒకరు ఒక మాట రాసిపోతే, ఎన్క వచ్చినోళ్లు దాని కింద వాళ్ల మాట రాస్తరు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాలల్ల రాసుడు. సార్ పేరు అండ్ల 'గోదావరి'. ఒకనాడు ఎవరో 'హైదరాబాద్‌లో పెరుగు గట్టిగా ఎందుకు తోడుకోదు' అని అడిగితే, సార్ ఫైలు మీద నోట్ రాసినట్టు రాసిండ్రు: 'పాతబస్తీలో పాలు దాహం తీర్చుకోవడానికి కొనాలి గానీ, పెరుగు కోసం కాదు.'

ఇగ పొద్దుగాల వచ్చేది పాలన్న. బహదూర్‌పురాల బర్ల కొట్టం ఉండె. బర్ల రోగాల సంగతి చూసుకుందమని వచ్చి, నా దగ్గర ఫోరం నేర్చుకున్నడు. అండ్ల గూడ ఆయన పేరు 'పాలన్న'నే. తెల్లారి ఆ పెరుగు ముచ్చట నేను చదివి వినిపిస్తుంటే దిగ్గున లేచి నిలబడ్డడు. "ఎవడాడు? మా బాపు కాలం నుంచి గీ బస్తీల పాలు పోస్తున్నం. గ్లాసెడు నీళ్లు కలిపినా నా చెయ్యి ఇరగాలె. రాయి సార్, రాయి!" రాసిన. కోపం ఏడ తక్కువైతదో అని అన్నీ పెద్ద అక్షరాలల్లనే రాసిన.

సాయంత్రం ఆఫీసర్ సార్ అది చదివి ముఖం చిన్నబుచ్చుకున్నరు. "నిజమేనయ్యా. ఎవరో ఒకరు మోసం చేస్తే అందర్నీ అనేశాను. పాపం, మనసు కష్టపెట్టుకున్నాడు," అని మర్యాదగ క్షమాపణ రాసిండ్రు. నాకు మస్తు సంబరమైంది. కానీ రూల్ రూలే, పాలన్నకు చెప్పలే. ఎట్లన్న చదువుతడు గద అనుకున్న.

తెల్లారి నేను ఎవరిదో పెండ్లి బయోడేటా ప్రింట్ తీస్తుంటే, పాలన్న ఒక్కో అక్షరం ఏరుకుంట తానే ఏదో కొట్టిపోయిండు. సాయంత్రం ఆఫీసర్ సార్ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నరు. "క్షమించమని అడిగితే దమ్ములేనోడా అంటాడేంటయ్యా? ఇదేం మనిషి?"

మర్నాడు పాలన్న ఎనుక నిలబడి చూసిన. ఆయన స్క్రీన్ మీద క్షమాపణ లేనే లేదు. రెండు రోజుల కిందటి పేజీ గట్లనే ఉంది. అప్పుడు సమజైంది.

"అన్నా, కంప్యూటర్ ఒకసారి చూసిన పేజీని దాచిపెట్టుకుంటది. మళ్ల అడిగితే కొత్తది తెచ్చుడెందుకని అదే చూపెడ్తది. దాన్ని క్యాష్ అంటరు."

"క్యాషా? పైసలా?"

"పైసలు గాదన్నా, పాత పేజీలు."

పాలన్న నా దిక్కు తిరిగిండు. "అంటే మొన్న పిండిన పాలు ఇయ్యాల పోస్తున్నవా నాకు? నేను గిట్ల చేస్తే గిరాకులు క్యాన్ తీసి నెత్తిన కొడ్తరు."

ఒక్కసారి రిఫ్రెష్ కొడితే అయిపోయేది. కానీ కంప్యూటర్ సార్‌ను గద, అన్ని కంప్యూటర్లల్ల దాచిపెట్టుకున్నయన్నీ తుడిచేసిన. క్షమాపణ వచ్చింది. పాలన్న పెదవులు కదుపుకుంట చదివిండు. "ఈన మంచోడే ఉన్నడు గదా. నేనే మస్తు అన్న. సాయంత్రం వచ్చి మంచిగ జవాబు రాస్త," అని పోయిండు.

సాయంత్రం ఆయన వచ్చి కూసున్నడో లేదో, పక్క క్యాబిన్ల నుంచి కేక. "ఏమయ్యా! గోదావరి పోయింది! పాస్‌వర్డ్ అడుగుతోంది. పాస్‌వర్డ్ ఏంటి?" (అది పెట్టింది నేనే. నాకు గూడ యాదికి లేదు. పేజీలతోని పాటు దాన్ని గూడ తుడిచేసిన.)

పాలన్న పరదా జరిగింది. "గోదావరా? మీరేనా సార్? నేను పాలన్నను."

ఆఫీసర్ సార్ కుర్చీతోని సహా గోడ దిక్కు జరిగిండ్రు. నేను నడుమల నిలబడ్డ. (రూల్ తప్పింది నేను గాదని సేఠ్ దిక్కు చూసిన.) పాలన్న రెండు చేతులు జోడించిండు. "మీరు అడిగిన మాఫీ నాకు కనపడలే సార్. రేపు పొద్దుగాల మా కొట్టానికి రాండ్రి. మీ ముంగట్నే పిండుత."

తెల్లారి సార్ కొట్టానికి పోయిండ్రు. పాలు తీస్కపోయి తోడేసిండ్రు. ఆ మరుసటిరోజు ఆగమాగం సెంటర్‌కు వచ్చి, సొంత పేరు పోయింది గనుక పాలన్న పాస్‌వర్డ్ అడిగి తెచ్చుకొని, ఆయన పేరుతోనే కూసొని ఫోరంల రాసిండ్రు: 'పాలన్న పాలకు సాటి లేదు. పెరుగు చాకుతో కోసుకోవచ్చు. నేను స్వయంగా చూశాను.' కింద పేరు: పాలన్న. సొంత యాపారం డబ్బా కొట్టుకుంటున్నడని ఫోరమోళ్లు పాలన్నను బయటికి ఎల్లగొట్టిండ్రు.

నాకు నిద్ర పట్టలే. డిక్షనరీ ముంగట ఏసుకొని ఫోరమోళ్లకు ఇంగ్లీషుల పెద్ద అర్జీ రాసిన. జవాబు రాలే. వచ్చినా పాత పేజీ అడ్డంపడి కనపడ్తలేదేమో అని గడియకోసారి తుడుచుడు, రిఫ్రెష్ కొట్టుడు. ఆ ఇద్దరు సెంటర్‌కు రావుడే బంద్ చేసిండ్రు. "వా మియా, నేర్పి నేర్పి గిరాకునే ఎల్లగొట్టినవ్," అన్నడు సేఠ్. మనసు ఆగక ఒకనాడు కొట్టానికి పోయిన. ఇద్దరు గోనెసంచి మీద కూసొని చాయ్ తాగుతున్నరు. ఒక బర్రెకు పేరేం పెట్టాల్నో మాట్లాడుకుంటున్నరు.

"ఫికర్ చెయ్యకన్నా, నీ పేరు మళ్ల తెప్పిస్త," అన్న.

పాలన్న నా దిక్కు చూసిండు. "ఏ పేరు?"

ఆ మాటకు ఎంత చిన్నబోయిన్నో. ఇరిగింది అతికిస్తున్న అనుకుంట గా క్యాబిన్ల ఒక్కణ్ణే బటన్ ఒత్తుకుంట కూసున్న ఆ పిలగాణ్ణి, ఆనాటి నన్ను, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తది. 'లేరా, పోయి వాళ్ల పక్కన కూసో, చాయ్ చల్లారుతుంది' అని చెప్పాలనిపిస్తది.