ఎర్ర దీపం వెలిగే లైను

కార్తీక మాసం, ఆదివారం ఉదయం. హాజరు: నేను, మా ఆవిడ, మనవరాలు.

డైరీలో ముందుగా ఏ రోజో, ఆ తరవాత ఎదుట ఎవరున్నారో రాసుకోవడం ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నాకున్న అలవాటు. ఇవాళ మనవరాలు నా కంప్యూటరుకు ఏదో మరమ్మతు ఎక్కిస్తుంటే, బాగానే ఉన్నదానికి మరమ్మతేమిటని అడిగాను. చిన్నపాటి పనులకు మాత్రమే అనుమతి ఉన్న ప్రోగ్రాము ఒకటి, పెద్ద అధికారం ఉన్న మరో ప్రోగ్రాము చేత తనకు తగని పని చేయించుకుంటోందట. అసలు అడుగుతున్నదెవరో చూసుకోకుండా ఆ పెద్దది చేసిపెడుతోందట. "అర్థమైందా తాతయ్యా?" అంది. అర్థం కాకేం. నేను తల వంచుకుని కాఫీ తాగాను.

డెబ్బైలలో నేను బెజవాడ ట్రంక్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరును. మన వయసువాళ్ళకు చెప్పనక్కరలేదు, మద్రాసుతో మాట్లాడాలంటే కాల్ బుక్ చేసి, ఫోను పక్కనే కుర్చీ వేసుకుని, భోజనం కూడా అక్కడికే తెప్పించుకుని కాచుకున్న రోజులవి. ప్రతి కాలుకూ టికెట్టు రాసి, వరసలో పెట్టి, వంతు వచ్చినప్పుడు కలిపేవాళ్ళం. ఒక్క లైనుకు మాత్రం టికెట్టూ వంతూ ఉండేవి కావు. కింది అంతస్తులో, ఫోను తగలకపోతే జనం చెప్పుకునే కంప్లయింట్ల డెస్కువాళ్ళు లైన్లు పరీక్షించుకోవడానికి వేసిన లైను అది. మా బోర్డు మీద దాని ఎర్ర దీపం వెలిగిందంటే ఏ ఊరడిగితే ఆ ఊరు వెంటనే ఇచ్చేవాళ్ళం. మాట్లాడేది ఎవరని అడిగేవాళ్ళం కాదు. ఏ లైను మీద వచ్చాడన్నదే చూసేవాళ్ళం.

ఆ డెస్కులో ఒక పెద్దాయన ఉండేవారు. ఆదివారం పూట చర్చి నుంచి మల్లెపువ్వులాంటి పంచెతో వస్తూ, తోవలో కనిపించిన ప్రతి ఒక్కరినీ పలకరించే మనిషి. నాకు పని నేర్పినది ఆయనే. ఆ ఏడు వేసవిలో మద్రాసు లైను పొద్దున్నే పరీక్షల పేరుతో తెగ వాడకమవుతోందనీ, డబ్బు కట్టినవాళ్ళు బయట పడిగాపులు పడుతున్నారనీ సూపర్‌వైజరు గారు కనిపెట్టారు. పెద్దాయన ఎవరినో బయటివాళ్ళను ఆ లైనుకు కలుపుతున్నారని తేలింది. ఎవరినని అడిగితే, "పొరపాటు నాదేనండి" అన్నారు తప్ప మరో మాట లేదు. లంచం తిన్నాడనుకుని, సోమవారం లోగా జవాబు చెప్పకపోతే సస్పెండ్ చేస్తామని మెమో ఇచ్చారు.

ఆ ఆదివారం మా అక్క భోజనానికి పిలిచింది. బావకు గవర్నర్‌పేటలో ఇనుప సామాను హోల్‌సేల్ కొట్టు. మాటల్లో మద్రాసు ధరలు తనకు అందరికంటే ముందే ఎలా తెలుస్తున్నాయో సంబరంగా చెప్పుకొచ్చాడు.

"నువ్వు చెయ్యని పని నీ పేరు చేస్తోంది రా బామ్మర్దీ! కంప్లయింట్లకి ఫోన్ కొట్టి, ట్రంకులో ఫలానా అబ్బాయికి బావనండీ, మద్రాసు తగలట్లేదండీ అంటానా, ఆ ముసలాయన అయ్యో బాబూ అని తిన్నగా కలిపేస్తాడు. నీకేమో జీతం, నాకేమో వైభోగం!"

అక్క నవ్వుతూ ఇంకాస్త పప్పు వడ్డించింది. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దాయన నోరు విప్పనిది నా కోసమే. నేను చెప్తే అక్క ఇల్లు రచ్చకెక్కుతుంది, చెప్పకపోతే ఆయన అన్నం పోతుంది. 

తిన్నగా సూపర్‌వైజరు గారింటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన ఆ లైనే తీసేద్దామన్నారు. తీసేస్తే పరీక్షలు ఆగిపోతాయండీ, తప్పు లైనుది కాదు, వచ్చినవాడెవడో చూడకుండా నమ్మిన మా పద్ధతిదన్నాను. డెస్కులో బయటి కాలును ఆ లైనుకు కలిపే మీటను ఊడదీయించాలనీ, ఎర్ర దీపం వెలిగినా సరే ఓసారి పెట్టేసి, మేమే డెస్కుకు తిరిగి ఫోన్ చేసి, మనవాళ్ళేనని తెలిశాకే లైను ఇవ్వాలనీ అనుకున్నాం.

మర్నాడు పొద్దున్నే మెకానిక్కు మీట ఊడదీశాడు. మెమో వెనక్కి తీసుకున్నారు. పెద్దాయన మెట్ల దగ్గర నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంటి గుట్టు బయట పెట్టుకున్నావు కదయ్యా బాబూ" అన్నారు. తిట్టినా అంత కుంగిపోయేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఎవరికైనా క్షణంలో ఫోను తగులుతుంది. ఎవరి బావవని అడిగేవాళ్ళూ లేరు, బావ పేరు చెప్తే కరిగిపోయే పెద్దాయనా లేడు. లేకపోవడమే మంచిదని తెలుసు. అయినా ఆయన "అయ్యో బాబూ" నాకు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది.

మీట ఊడదీసిన ఆ పొద్దున్నే నా బోర్డు మీద మామూలు దీపం వెలిగింది. ప్లగ్గు పెట్టి నంబరు అడిగాను. 

"మద్రాసండీ. ఎంతసేపు పడుతుందండీ?" అన్నాడు బావ.

ముందు చాలామంది ఉన్నారండీ అన్నాను. సరేనండీ అని పెట్టేశాడు. టికెట్టు రాసి, కట్టలో అందరి కిందా పెట్టాను.